నవలకు పారాయణ పెట్టించిన కథ

ఒక నవలను సగంలో వదిలేసినందుకు జమ్మలమడుగులో ఒక పురోహితుడు మండుటెండలో రగ్గు కప్పుకుని వణికాడు. గండి ఆంజనేయస్వామి సాక్షిగా నా పెళ్లి ఆగిపోబోయింది. నేనేమో మా అంగడి మేడగదిలోకి వెళ్లాలంటే చాలా కాలం జేబులో నిమ్మకాయ పెట్టుకుని తిరిగాను. ఇదంతా దయ్యం చేసిందా, నేను చేశానా అన్నది చివరికి మీరే తేల్చండి. నా మీద తేల్చినా నేనేమీ అనుకోను, ఇంట్లో ఇప్పటికే తేల్చేశారు.

మాది ప్రొద్దుటూరు. చీరల అంగడి. కింద అంగడి, వెనక ఇల్లు, పైన సరుకు పెట్టే మేడగది. మా ఇంట్లో పుస్తకాల మీద సర్వాధికారాలూ మా నాయన తల్లి సుబ్బమ్మవ్వవి. పారాయణకు కూర్చున్నవాడు మధ్యలో లేవకూడదని, గ్రంథం ముగిసేదాకా చదివి టెంకాయ కొట్టి హారతి ఇవ్వాలని మీకు తెలిసే ఉంటుంది. మా అవ్వ ఆ నియమాన్ని పురాణాలతో సరిపెట్టలేదు. అచ్చులో ఉన్న ప్రతిదానికీ వర్తింపజేసింది. చిన్నప్పుడు ఊరికే పంచాంగం తెరిచిన పాపానికి, వెనక అట్ట మీది మూలశంక మందు ప్రకటన దాకా చదివి దండం పెట్టుకున్నవాణ్ణి నేను.

అవ్వ ఈ నియమానికి ఒక కథ కూడా చెప్పేది. చెప్పేటప్పుడు గొంతు తగ్గించేది.

"తొండూరులో మా మేనమామ ఒకాయన ఉండె నాయనా. పారాయణకు కూర్చోని మధ్యలో లేచి పోయినాడు. అంతే. ఆ పొద్దు నుంచి దినామూ మిట్టమధ్యాహ్నం ఆయన చెవి కాడ ఎవరో చదివేది మొదలుపెట్నారు. ఆయన యాడ ఆపినాడో ఆడ్నుంచే. సగం వాక్యం చదివేది, ఊపిరి పీల్చేది. మళ్లా అదే సగం వాక్యం. మిగిలిన సగం మాత్రం చెప్పేది ల్యా."

"ఆమీట ఆయన ఏమయినాడవ్వా?"

సరిగ్గా ఆ ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి అవ్వకు జపం వేళ అయ్యేది. మధ్యాహ్నం అన్నం తిని పూజగది తలుపు వేసుకుంటే సాయంత్రం కాఫీ దాకా ఎవరూ పిలవకూడదు. అంత గట్టి జపం.

ఆ భయంతో నేను పెరిగి పెద్దయ్యేదాకా ఎన్ని చెత్త పుస్తకాలు పూర్తి చేశానో చెప్పలేను. నచ్చిన పుస్తకం బీరువాలో ఎదురు చూస్తుంటే, నచ్చనిదాన్ని కషాయం తాగినట్టు ముక్కు మూసుకుని ముగించేవాణ్ణి. ఇది గొప్ప గుణమని నమ్మేవాణ్ణి కూడా.

అట్లాంటి రోజుల్లో పులివెందుల సంబంధం వచ్చింది. వాళ్లది బంగారు అంగడి. అమ్మాయి పేరు హైమావతి, బడిలో టీచరు. పెద్దవాళ్లు లోపల మాట్లాడుకుంటుంటే మమ్మల్నిద్దరినీ వసారాలో కూర్చోబెట్టారు.

"మీకు పుస్తకాలంటే శానా ఇష్టమంట గదా?" అని అడిగింది.

"ప్రాణం," అన్నాను.

"మొదలుపెట్టినవన్నీ పూర్తిగా చదువుతారా?"

"నేను మొదలుపెట్టి ఆపింది ఈ భూమ్మీద ఒక్కటీ ల్యా."

ఆ మాట చెప్పేటప్పుడు ఛాతీ కొంచెం ముందుకు పెట్టాను. గీటురాయి మీద బంగారాన్ని గీసి చూసే ఇంటి పిల్ల కదా, నన్ను కూడా అట్లే కాసేపు చూసింది. లోపలికి వెళ్లి ఒక లావుపాటి పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టింది. దానికి అట్ట లేదు. పేరున్న పేజీని చెదలు తినేశాయి. ఎవరు రాశారో తెలిసే దారి లేదు. తెరవగానే పాత కర్పూరం వాసన వచ్చింది.

"ఇది చదవండి. శ్రావణ శనివారం మేము గండికి వస్తాండాం, మీవాళ్లు కూడా వస్తారంట. కత ఎట్ల ముగిసిందో ఆడ చెప్పండి. నా మాట నేను అప్పుడు చెప్తా."

నాకు ఆ అమ్మాయి నచ్చింది. అంతకుముందు చూసిన సంబంధాల్లో ఎవరూ నన్ను ఏమీ అడగలేదు. ఈమె అడిగింది. ఈ సంబంధం చెయ్యి జారితే తట్టుకోలేనని తిరుగు ప్రయాణంలో బస్సు ప్రొద్దుటూరు చేరకముందే తెలిసిపోయింది. అడ్డంగా ఉన్నది ఒక్క నవల. నవల నాకొక లెక్కా అనుకున్నాను.

మరుసటి రోజు మధ్యాహ్నం మేడగదిలో కూర్చున్నాను. ఆ గది గురించి ఒక మాట చెప్పాలి. మూడు వైపులా చీరల మూటలు. నాలుగో వైపు మూటల వెనక ఒక పాత తలుపు. నాకు తెలిసి దాన్ని ఎవరూ తెరవలేదు. అవతల ఏముందని చిన్నప్పుడు అడిగితే మా నాయన "ఏముంటాది, పాత సామాను" అనేవాడు. మా ఊళ్లో మిట్టమధ్యాహ్నం వీధిలో కుక్క కూడా కదలదు. అంగళ్లు సగం షట్టర్లు దించుకుంటాయి. అట్లాంటి నిశ్శబ్దంలో తొలి పేజీ తిప్పాను.

కథ ఏమిటంటే, ఒక మనిషి ఒక ఇంటికి వస్తాడు. మెట్లు ఎక్కుతాడు. అంతే. ఒక మెట్టు ఎక్కుతాడు, ఆగుతాడు, ఆకాశం గురించి ఆలోచిస్తాడు. ఇంకో మెట్టు ఎక్కుతాడు, గోడకున్న సున్నం గురించి ఆలోచిస్తాడు. మా అంగట్లో వంద చీరలు తీయించి ఏదీ కొనకుండా పోయే ఆడవాళ్లు కూడా అంత నిదానం కాదు. నాకు ఆవలింతలు వచ్చాయి, కళ్ల నీళ్లు వచ్చాయి, ఒక దశలో ఏడుపు కూడా వచ్చింది.

ఆ విసుగులోనే పేజీల మధ్య కొన్ని వస్తువులు కనబడ్డాయి. ఒకచోట ఎండిపోయిన మల్లెల దారం. కొంత దూరం పోయాక ఒక బస్సు టికెట్టు. ఇంకొంత దూరంలో మడిచిన విభూతి పొట్లం. నాకంటే ముందు చదివినవాళ్లు ఒక్కొక్కరూ ఒక్కోచోట ఆగిపోయారన్నమాట. నలభై ఒకటో పేజీ చివరన అతగాడు ఎట్టకేలకు పైకి చేరాడు. అక్కడ ఇట్లా ఉంది:

'అతడు తలుపు మీద చెయ్యి వేశాడు. అవతల ఎవరో నిద్రలో ఉన్నట్టు నెమ్మదిగా ఊపిరి'

ఆ తర్వాత పేజీ తిరగలేదు. పాత అచ్చు పుస్తకాల్లో అంచులు కోయకుండా వదిలేసేవారు, చదివేవాడే బ్లేడుతో చీల్చుకోవాలి. అక్కడి నుంచి చివరిదాకా పేజీలన్నీ అట్లాగే అతుక్కుని ఉన్నాయి. పుస్తకం పుట్టాక ఒక్క మనిషి కూడా ఆ చోటు దాటలేదు.

విభూతి పొట్లం పెట్టుకుని చదివినవాడే దాటలేదంటే నేనెంత? పైగా చీల్చి చదివే ఓపిక నాలో ఒక్క చుక్క కూడా మిగల్లేదు. "చాలు తల్లీ, నా వల్ల కాదు" అని పైకే అని పుస్తకం మూశాను. జన్మలో మొదటిసారి ఒక పుస్తకాన్ని సగంలో మూశాను.

మూసిన చప్పుడు ఆగగానే, ఎవరో ఊపిరి పీల్చారు.

నెమ్మదిగా. నిద్రలో ఉన్నట్టు. చివర సన్నటి ఈల. మూటల వెనక నుంచి, ఆ పాత తలుపు అవతలి నుంచి. నా ఊపిరి నేను బిగబట్టాను. అవతలి ఊపిరి మాత్రం ఆగలేదు. నేను మెట్లు దిగిన తీరు చూసి మా నాయన, పైన పాము కనబడిందని కట్టె తీసుకున్నాడు.

మరుసటి మధ్యాహ్నం ధైర్యం చేసి వెళ్లాను. మళ్లీ అదే. ఆ తర్వాతి మధ్యాహ్నం కూడా అదే. సరిగ్గా మిట్టమధ్యాహ్నం. అవ్వ జపంలో ఉండే వేళ కాబట్టి ఆమెను పిలవడానికి లేదు. పిలిచినా ఏమని చెప్పను? సగంలో వదిలేశానని చెప్పాలంటే దయ్యం కంటే అవ్వే ఎక్కువ భయం.

సంబంధం తెచ్చిన ఓబయ్య మామకు ఫోన్ చేశాను.

"మామా, ఆ పిల్ల నాకొక పుస్తకం ఇచ్చింది."

"నీకూ ఇచ్చిందా?" అన్నాడు.

"నాకూ అంటే? ఇంతకుముందు ఎవరికిచ్చింది?"

"వచ్చిన ప్రతి పిల్లోనికీ ఇచ్చిందప్పా. తీసుకపోయి తిరిగిచ్చినాక ఒక్కరన్నా మళ్లా పులివెందుల పక్క కనపడలే."

"కనపడలే అంటే ఏమయినారు మామా?"

"ఏమో అప్పా, నేను బస్సులో ఉండా, ఇనపడ్డంల్యా," అని పెట్టేశాడు.

మీరైతే ఏం చేసేవారో నాకు తెలియదు. నేను మాత్రం మా ఇంటి పద్ధతిలో ఆలోచించాను. పారాయణ చేసే శక్తి లేనివాళ్లు ఏం చేస్తారు? తమ పేరు మీద పురోహితుడి చేత చేయిస్తారు. చదివేది ఆయన, ఫలం మనకు. ఈ నవలకూ అట్లే చేయిస్తే దోషం పోతుంది, పెళ్లి కుదురుతుంది. ఇంత తెలివి నాకు ఒక్కడికే వచ్చినందుకు మురిసిపోయి, టెంకాయ, పూలు, పండ్లు, పుస్తకం సంచిలో పెట్టుకుని జమ్మలమడుగుకు బండి తీశాను. మా ఇంటి పూజలన్నీ చేయించే శర్మ సామి అక్కడే ఉంటాడు.

"ఏ పురాణం నాయనా?" అన్నాడు, అట్టలేని పుస్తకాన్ని కళ్లకద్దుకుంటూ.

"పురాణం కాదు సామీ. నవల."

కళ్ల మీద నుంచి పుస్తకాన్ని దించాడు. "నవలకు పారాయణ యాడుంది?"

"మొదలుపెట్టి ఆపినా సామీ. ఎనక పడింది."

"ఎవరు ఎనక పడింది?"

"ఊపిరి."

శర్మ సామి నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. "కతలో దేవుడన్నా ఉండాడా?"

"ఇంకా తలుపు తీయలేదు సామీ. లోపల ఉండాడేమో."

మంచి మనిషి. నా మొహం చూసి జాలిపడ్డాడు. నా గోత్రం, పేరు చెప్పి, 'అసంపూర్ణ గ్రంథ దోష నివారణార్థం' అని సంకల్పం చెప్పి, పీట మీద నవల పెట్టి పసుపు కుంకుమ చల్లాడు. కొత్త బ్లేడు తెప్పించమన్నాడు. మెట్ల దగ్గర్నుంచి మొదలుపెట్టి చివరి అక్షరం దాకా పైకి చదివి శుక్రవారానికి ముగిస్తానన్నాడు. పెన్న ఇసుక మీదుగా వచ్చే గాలి ఎప్పుడూ లేనంత చల్లగా తగిలింది. నిశ్చింతగా ఇంటికొచ్చి పడుకున్నాను.

శుక్రవారం మధ్యాహ్నం వెళ్లేసరికి ఆ ఇంటి తలుపులన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. వీధి తలుపు, వంటింటి తలుపు, ఆఖరికి బీరువా తలుపు కూడా. శర్మ సామి భార్య గడపలోనే నిలబడి ఉంది.

"ఏం పుస్తకం ఇచ్చినావప్పా? నిన్న పొద్దున్నుంచి ఇంట్లో ఒక్క తలుపు మూయనీడంల్యా ఈయన. పిల్లులొచ్చి పాలు తాగిపోతాండాయి."

శర్మ సామి మంచం మీద రగ్గు కప్పుకుని ఉన్నాడు. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. ఆయన పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి.

"వాడు లోపలికి పోడు నాయనా," అన్నాడు.

"ఎవరు సామీ?"

"వాడే. మెట్లెక్కుతాడు. తలుపు మీద చెయ్యి పెడతాడు. అవతల ఊపిరి వినపడుతుంది. పేజీ తిప్పితే మళ్లీ మెట్ల కిందే ఉంటాడు. మళ్లీ ఎక్కుతాడు. అవే మాటలు. అదే ఆకాశం. నేను నీ పేరు మీద చదువుతాండా గదా, ఆపేదానికి లేదు. ఎంత చదివినా వాడు ఆ తలుపు కాడికే వస్తాండాడు."

"ముగింపు?"

"ముగింపు ల్యా. దానికి ముగింపు ల్యా నాయనా. టెంకాయ కొడితే కుళ్లిపోయింది."

ఆ పుస్తకాన్ని గుడ్డలో చుట్టి నా చేతికిచ్చారు. ఇచ్చిన చెయ్యి ఆయన భార్య వెంటనే కడుక్కుంది. నేను గుడ్డ విప్పి చూసే సాహసం చేయలేదు. దారి పొడుగునా బండి వెనక సీటు మీద ఎవరో కూర్చున్నట్టే ఉంది. అద్దంలో చూడకుండా ప్రొద్దుటూరు దాకా వచ్చాను.

తెల్లారితే గండి. ముగింపు తెలియదు. తెలిసిన ఒకే ఒక్క మనిషి ముగింపే లేదంటున్నాడు. ఇక మిగిలింది ఒకటే దారి. ఒక ముగింపు నేనే తయారు చేశాను. ఎంత బాగా తయారు చేశానంటే, అద్దం ముందు చెప్పుకుంటుంటే నాకే గొంతు పూడుకుపోయింది.

శ్రావణ శనివారం గండిలో జనం ఇసుక వేస్తే రాలనట్టు ఉన్నారు. రెండు కొండల మధ్య సందులోంచి పాపాఘ్ని ఏటి మీదుగా గాలి ఊళ వేస్తోంది. దర్శనమయ్యాక పెద్దవాళ్లు ప్రసాదాల దగ్గర కూర్చున్నారు. హైమావతి, నేను కొంచెం ఎడంగా ఒక బండరాయి నీడన నిలబడ్డాం. పుస్తకం చేతికివ్వగానే ఆమె వేళ్లతో అంచులు తడిమింది. మొహం వెలిగిపోయింది.

"పేజీలు చీల్చినారే! ఇంతవరకు ఎవరూ చీల్చలే." గొంతులో నిజమైన సంతోషం. "చెప్పండి. తలుపు తెరిచినాడా?"

"తెరిచినాడు."

"లోపల ఎవరుండారు?"

"వాళ్లమ్మ," అన్నాను. గొంతు పూడుకుపోయే చోటు అదే కాబట్టి పూడ్చుకున్నాను. "ఇన్నేండ్లూ కొడుకు కోసరం తలుపు అవతలే ఎదురు చూస్తా నిద్రపోయింటాది. 'వచ్చినావా నాయనా' అంటాది. ఆ చోట నేను ఏడ్సినా."

ఆమె కూడా కళ్లు తుడుచుకుంటూ ఆ చోటు చూద్దామని పేజీలు తిప్పింది. తిప్పుతూ ఆగింది. ఇంకొన్ని తిప్పింది. ఇంకొన్ని.

"ఇది నలభై ఒకటో పేజీ," అంది. "ఆ తర్వాత మళ్లా మెట్లు. ఇదో, ఇది కూడా నలభై ఒకటి. మళ్లా మెట్లు. మళ్లా నలభై ఒకటి." చివరిదాకా తిప్పింది. పుస్తకం కుట్టినవాడు ఒకే కట్టను మళ్లీ మళ్లీ పెట్టి కుట్టేశాడు. దాంట్లో వేరే కథే లేదు. హైమావతి తలెత్తి నన్ను చూసింది. "వాళ్లమ్మ ఏ నలభై ఒకటో పేజీలో వచ్చింది?"

పాపాఘ్నిలో దూకుదామంటే ఆ రోజు మోకాలి లోతు కూడా లేదు.

"ఇంతకుముందొచ్చినోల్లు చీల్చకుండానే ముగింపు శానా బాగుందన్నారు," అంది మెల్లగా. "మీరు చీల్చి మరీ అబద్ధం చెప్పినారు."

ఇక దాచి లాభం లేదు. చెప్పేశాను. అవ్వ నియమం, తొండూరు మేనమామ, మేడగదిలో ఊపిరి, శర్మ సామి సంకల్పం, కుళ్లిన టెంకాయ, బార్లా తెరిచిన బీరువా, అన్నీ. "చదవలేకపోయినా. నాకు శానా విసుగు పుట్టింది. కానీ మీరు కాదంటారని భయం," అన్నాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

చివరికి ధైర్యం చేసి తలెత్తి చూశాను. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని బండకు ఆనుకుని ఊగిపోతోంది. నవ్వు. పక్కనున్న భక్తులు పూనకమనుకుని దండం పెట్టారు.

"నవలకు గోత్రం చెప్పి పారాయణ పెట్టించినోన్ని నేను యాడా చూడలేదప్పా!" అంది, ఊపిరి అందాక. "ఆ మల్లెల దారం నాదే. నేను ఆడనే ఆపేసి, చీల్చకుండా కనపడే ఆఖరి పేజీ మాత్రం చూసినా. మా తాత పెట్టెలో దొరికింది ఈ పుస్తకం. చదవలేక పారేసినా అని ఒక్కడన్నా చెప్తాడేమోనని వచ్చిన ప్రతి ఒక్కరికీ ఇస్తాండా."

"నేను చెప్పినా గదా!"

"దొరికిపోయినాక చెప్పినారు. అయినా చెప్పినారు." చేతిసంచిలోంచి ఒక పలుచటి పుస్తకం తీసింది. "ఇది చదవండి. నచ్చకపోతే పదో పేజీలో పారేయండి. ఎవరూ ఎనక పడరు. నచ్చితే సాయంత్రం ఫోన్ చేయండి."

అది పెళ్లికి ఒప్పుకోవడమేనని నాకు వెంటనే అర్థం కాలేదు. బండ పక్కనే కూర్చుని ఆ పుస్తకం తెరిచాను. తలెత్తేసరికి మావాళ్లు మాట్లాడుకున్న వ్యాను నన్ను వదిలేసి వెళ్లిపోయింది. పుస్తకమంటే అట్లా ఉండాలని ఆ రోజు తెలిసింది.

పెళ్లయ్యాక ఒక మధ్యాహ్నం హైమ చీరలు చూస్తానంటే మేడగదికి తీసుకెళ్లాను. జేబులో నిమ్మకాయ ఉంది. ఉన్నట్టుండి మొదలయింది. నెమ్మదిగా ఊపిరి, చివర సన్నటి ఈల. నేను ఆమె చెయ్యి పట్టుకుని మెట్ల వైపు లాగాను. ఆమె చెయ్యి విడిపించుకుని మూటలు పక్కకు జరపడం మొదలుపెట్టింది.

"వద్దు హైమా!"

"ఆ నవలలో ఎట్లాగూ తెరవలే. ఇదన్నా తెరుద్దాం," అని తలుపు మీద చెయ్యి వేసింది. నేను కళ్లు మూసుకున్నాను. కిర్రుమని తెరుచుకుంది.

లోపల పూజగదిలోంచి పైకి వచ్చే సన్నటి మెట్లు. వాటి పైన చిన్న అటక. అటక మీద చాప. చాప మీద సుబ్బమ్మవ్వ, ముక్కు మీద కళ్లద్దాలతో, నోరు తెరిచి, ఈల వేస్తూ గాఢ జపంలో ఉంది. ఆమె చుట్టూ నవలలు. ఒకటి చాప అంచు కింద, ఒకటి తలగడ పక్కన, ఒకటి పొట్ట మీద. అన్నీ సగం సగంలో బోర్లా పెట్టి ఉన్నాయి.

"అవ్వా!" అని అరిచాను. "ఇవన్నీ సగంలో వదిలేసినావా?"

అవ్వ కళ్లు తెరిచి, దొరికిపోయానన్న జంకు ఇసుమంత కూడా లేకుండా, కళ్లద్దాలు సర్దుకుంది. "ఈ వయసులో నచ్చని పుస్తకాలు ముగించుకుంటా కూర్చుంటే, నచ్చినవి చదివేది ఎప్పుడు నాయనా?"

"మరి నాకు చెప్పిన తొండూరు కత?"

"చిన్నప్పుడు నువ్వు ఒక్క పని కుదురుగా ముగిచ్చేవానివి కాదు. అందుకని అల్లినా."

"సరే, ఆమీట ఆ మేనమామ ఏమయినాడు?"

"ఏమో," అంది అవ్వ, పొట్ట మీది నవల తీసి పక్కన పెట్టి ఇంకోటి అందుకుంటూ. "నచ్చక నేను కూడా ఆడనే వదిలేసినా."

కాబట్టి పాఠక మహాశయులారా, శర్మ సామి రగ్గు సాక్షిగా, కుళ్లిన టెంకాయ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకపై ఏ నవలకూ నా గోత్రం చెప్పను. నచ్చని పుస్తకాన్ని పదో పేజీలో మర్యాదగా మూసేసి, నచ్చేదాన్ని వెతుక్కుంటాను. మూసిన తర్వాత మాత్రం, ఎందుకైనా మంచిది, కాసేపు చెవి ఒగ్గి వింటాను.